పైపులో గాలి

మార్కాపురం నుంచి పలకల పెట్టెలు వేసుకుని నంద్యాల పోయే డీజిల్ లారీ గిద్దలూరులో ఒకసారి ఆగుతుంది. టీ నీళ్ళ కోసం కాదు. డ్రైవరు ఏబేలు కిందికి దిగి, ఎక్కిన వాళ్ళందర్నీ తేరిపార చూసి, "మింగిపెట్టుకున్న మాటలుంటే ఇక్కడే కక్కేయండి. ఘాట్లో నా ప్రాణం తీయొద్దు" అంటాడు.

మనిషి చెప్పకుండా మింగిన మాట గాలై డీజిల్ పైపులో చేరుతుందని, ఇంజను ఆగిపోతుందని ఆ దారిన తిరిగే వాళ్ళందరికీ తెలుసు. తెల్లదొరలు పోయిన మరుసటి ఏడాది మద్రాసు నుంచి ఆ లారీ వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. పెట్రోలు బండ్లకు ఈ పీడ లేదు.

ఆ పూట పెట్టెల మీద కూర్చున్న వెంకాయమ్మ పక్కనామె వైపు తిరిగి, "మొన్న నీ కోడిని పిల్లి పట్టుకుపోలేదే, నేనే కూరొండుకున్నా" అని చెప్పేసింది. ఆమె కడుపారా తిట్టింది. ఇద్దరికీ ప్రాణం తేలికపడింది.

ముందు సీట్లో, తలుపు పక్కన మాలకొండమ్మ కూర్చుంది. ఆ తలుపుకు గొళ్ళెం ఊడిపోయిందని ఏబేలు బయటి నుంచి కొబ్బరి తాడుతో బిగించి కట్టాడు. అది చూడగానే ఆమెకు మొగుడింటి తాళం గుర్తొచ్చింది. నంద్యాలలో మొగుడు దుకాణానికి పోతూ రోజూ ఆమెను లోపల పెట్టి తాళం వేసుకుని పోతాడు. ఎట్లాగో తప్పించుకుని పెద్దారవీడులో పుట్టింటికి చేరితే, పెద్దమనుషులు కూర్చుని వెనక్కి పంపమన్నారు. తండ్రి నాగులు తలూపాడు. ఇప్పుడు అతనే దిగబెట్టడానికి పోతున్నాడు.

"చెల్లెమ్మా, నీకేమన్నా ఉందా?" అని అడిగాడు ఏబేలు.

"నేను చెప్పేదంతా ఇంట్లోనే చెప్పినా అన్నా. కాళ్ళు పట్టుకుని చెప్పినా. ఇంకేం మిగల్లా."

పక్కనున్న నాగుల్ని మాత్రం అతను అడగలేదు. పెద్దమనుషుల ముందు మాటిచ్చి వచ్చినవాణ్ణి నీ మనసులో ఏముందని అడగడం అక్కడ మర్యాద కాదు. మర్యాదల విషయంలో మనవాళ్ళను పట్టలేం, కింద ఎవరు నలిగినా సరే.

దిగువమెట్ట దాటి ఘాటెక్కగానే లారీ దగ్గింది, కుంటింది, అడవి మధ్య ఆగిపోయింది. మగవాళ్ళు దిగారు. మాలకొండమ్మను దిగమని ఎవరూ అనలేదు.

ఏబేలు ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. డీజిల్ నిండుగా ఉంది. ఫిల్టరు విప్పితే చెత్తా లేదు, నీళ్ళూ లేవు. పైపు పొడుగునా వేలితో తడిమాడు, ఎక్కడా కారడం లేదు.

"గాలే" అన్నాడు.

అందరూ మాలకొండమ్మ వైపే చూశారు.

"ఏందమ్మే, ఏం దాచిపెట్టుకుంటివి? మమ్మల్నిట్ల పులులకు పెడతావా?" అంది వెంకాయమ్మ.

"నా దగ్గర ఏం లేదు పెద్దమ్మా" అంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఎక్కడికి పోయినా తను చెప్పింది నమ్మే దిక్కు లేదు.

గాలి బయటికి పోయేటట్టు ఏబేలు ఫిల్టరు మీదున్న మర వదులు చేసి చేతి పంపు కొట్టసాగాడు. డీజిల్ నురగగా పొంగింది. బుడగలు పగులుతుంటే గొంతు వినపడింది. ఆడ గొంతు కాదు.

"పోవద్దు తల్లీ... శివరాత్రికి మహానంది వచ్చినప్పుడు మీ ఇంటికి వచ్చినా. తాళం చూసినా. కిటికీ సందులోంచి నీ చెయ్యి చూసినా. చూసి, పిలవకుండా ఎనక్కి పోయినా. పెద్దమనుషుల ముందర నోరు పెగల్లా. పోవద్దు తల్లీ..."

నాగులు తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు ఆగలేదు. బుడగలన్నీ పోయి డీజిల్ చక్కగా ధార కట్టేదాకా ఏబేలు పంపు కొడుతూనే ఉన్నాడు. తర్వాత మర బిగించాడు. ఇంజను ఒక్క ఊపుకే లేచింది.

"ఎక్కు పెదనాయనా" అన్నాడు ఏబేలు.

నాగులు ఎక్కలేదు. లారీ చుట్టూ తిరిగి కూతురి వైపు వచ్చాడు. తాడు ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో కాకపోతే పళ్ళతో పట్టి లాగాడు.

"దిగు తల్లీ. మనూరికి పోదాం. పెద్దమనుషులతో నేను చెప్తా" అన్నాడు, ఈసారి తన నోటితోనే.

మాలకొండమ్మ కదల్లేదు. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

"నా చెయ్యి చూసినావా నాయనా?"

"చూసినా."

మాలకొండమ్మ ఆ చెయ్యే అతనికి అందించి లారీ దిగింది.