కడగని రక్తం

తెల్లారేసరికి తిరుపతి మీద మబ్బు దిగి, చినుకు రాల్చకుండా బిగబట్టుకొని ఉంది. ఐరాల నుంచి తొలి బస్సుకు వచ్చిన మునిచంద్ర, భార్య జయంతితో ఆసుపత్రిలో డాక్టర్ అమల ముందు కూర్చున్నాడు. జయంతి మెడలో గడ్డలు లేచాయి. పోయిన వారం రక్తం చూసి ఇక్కడి ల్యాబ్‌వాళ్ళు కాన్సరన్నారు. మందు మొదలుపెట్టాలి, బిడ్డకు పాలు మాన్పించమన్నారు. ఏడాది నిండని పిల్ల. బిడ్డ నోరు పెట్టకుండా జయంతి రొమ్ములకు చేదు వేపాకు నూరి పూసుకుంది, పాలు ఇంకాలని మల్లెపూలు కట్టుకుంది.

అమలకు ఆ రిపోర్టు మీద అనుమానం వచ్చి మళ్ళీ పరీక్ష చేయించింది. ఆ ఫలితం ఈరోజు చేతికొచ్చింది.

"కాన్సర్ కాదు. ఇన్ఫెక్షన్ వాపులు, మందులకు తగ్గిపోతాయి."

జయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి పోయిన వారం అట్ల ఎట్ల చెప్పినారు?" అన్నాడు మునిచంద్ర.

"రక్తంలో బి కణాలనే తెల్లకణాల మీద రెండు రకాల గుర్తుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఆ గుర్తులను పట్టుకునే యాంటీబాడీలకు రెండు రంగులు కట్టి వేస్తాం. బాగున్న మనిషిలో రెండు రంగుల కణాలూ కలిసి కనిపిస్తాయి. కాన్సరైతే ఒకటే రంగు, ఒక్కోసారి ఏదీ పట్టదు. మొదటిసారి ఏదీ పట్టలేదు."

"ఎందుకు పట్టలా?"

"అవే గుర్తులు రక్తంలోని నీళ్ళలోనూ తేలుతుంటాయి. ముందు కణాలను కడిగి, ఆ నీళ్ళు పారబొయ్యాలి. తొందరలో కడగలేదంట. వేసిన యాంటీబాడీలన్నీ ఆ నీళ్ళకే సరిపోయినాయి."

"బురదనీళ్ళలో గడ్డిమందు కలిపినట్ల. మందంతా మట్టి తాగేస్తాది. మా సేన్లో ఆ పని సేస్తే గడ్డి సావకుండా నవ్వుతాది మేడమ్. ఈడ నా పెండ్లాం ఏడ్చింది."

"తప్పు మాదే."

"మాదే అంటే ఎవురిది? కడగనోడు రేపు ఇంకొకరి రక్తం కడుగుతాడా?"

అమల తల వంచుకుంది. "ఇకమీద నేను చూడకుండా రిపోర్టు బయటికి పోదు."

"పాలు మళ్ళా వస్తాయా మేడమ్?" జయంతి మెల్లగా అడిగింది.

"బిడ్డను రొమ్ముకు పెట్టి చూడమ్మా. ఖాయంగా చెప్పలేను."

బయట వరండాలో మునిచంద్ర తల్లి తిరుమలమ్మ బిడ్డతో కూర్చుని ఉంది. జయంతి కుళాయి దగ్గర వేపాకు చేదు పోయేలా ఒళ్ళు తుడుచుకొని వచ్చి, గోడవైపు తిరిగి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల నోరు దగ్గరికి తెచ్చింది. చేదు గుర్తొచ్చినట్టు ముఖం తిప్పేసింది. ఇంకోసారి పెట్టినా అంతే.

మునిచంద్ర లేచి ల్యాబ్‌కు పోయే మెట్లవైపు నాలుగడుగులు వేశాడు. మొదటి మెట్టు దగ్గర ఆగి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

తిరుమలమ్మ క్యారియర్ విప్పి రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరుబిండి పెట్టింది. బిడ్డకని ఓ ముద్ద మజ్జిగలో పలచగా పిసికింది. పిల్ల చప్పరించింది. మిగిలినవాళ్ళు తలలు వంచుకొని తిన్నారు.