పుస్తకం వీపులో తేదీలు

స్కానర్ మూత దించకుండా నా కూతురు నా వైపే చూస్తుంటే, ఏదో కొంప మునిగిందని నాకు అప్పుడే తెలిసింది. ఫోన్ మోగినా, తలుపు తట్టినా నాకు ముందు చెడే తోస్తుంది. వందలో తొంభై తొమ్మిది సార్లు ఏమీ ఉండదు. ఇది ఆ నూరోసారి.

"అమ్మా, ఈ మూడు పుస్తకాలూ నువ్వు కుట్టినవేనా?"

"నేను కాక ఈ లైబ్రరీలో ఇంకెవరు కుడతారే? చూడు, ఎంత ముచ్చటగా ఉన్నాయో."

"ముచ్చటగానే ఉన్నాయి. తేదీలేవి?"

అవి బావుల మాస్టారి కాగితాలు. ఆయన బడిలో సైన్సు చెప్పేవారు. పన్నెండేళ్ల పాటు నెలనెలా ఊళ్లోని బావులన్నీ తిరిగి నీళ్ల రంగు, వాసన, పరీక్ష కాగితం ముంచితే ఏమైందీ రాసుకున్నారు. నెలకో కాగితం, మొత్తం నూట నలభై నాలుగు. పోయే ముందు వాటిని సంచిలో వేసి లైబ్రరీకి ఇచ్చారు. సంచిలో వరస చెదిరిపోయింది. దొరికినవి దొరికినట్టే నేను కుట్టాను. కుట్టాక అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే నాకు అన్నం సహించదు. కత్తి పెట్టి నున్నగా కోసేశాను. ఆయన తేదీ వేసింది సరిగ్గా ఆ అంచు మీదేనని ఎవరికి తెలుసు?

సోమవారం విచారణ ఉంది. రంగుల ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు వేస్తానంటోంది. నీళ్లు తాము రాకముందు నుంచే ఇలా ఉన్నాయని వాళ్ల మాట. ఫ్యాక్టరీ వచ్చింది మాస్టారు రాసిన ఆ పన్నెండేళ్ల మధ్యలోనే, కాబట్టి కాదని చెప్పడానికి ఊరికి ఉన్నవి ఈ కాగితాలే. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా లైబ్రరీ వెబ్‌సైటులో అందరూ చూసేలా పెడితేనే లెక్కలోకి తీసుకుంటారట. ఇది బుధవారం పొద్దున.

"తేదీ లేకపోతే ఏది ముందో ఏది వెనకో ఎలా చెప్తాం?" అంది అమ్మాయి.

నా ఉద్యోగం పోతుంది, దాని ఉద్యోగం పోతుంది, షెడ్డు లేస్తుంది, రేపు దాని కడుపున పుట్టబోయే పిల్లలు ఎర్రనీళ్లు తాగుతారు. ఇవన్నీ ఒక్క గుక్కలో తలుచుకున్నాను. దానికింకా పెళ్లే కాలేదు.

"కోసిన ముక్కలు పారేశావా?"

పారెయ్యడమా? రేపు దేనికి అవసరం పడుతుందోనని విరిగిన సూది కూడా దాచే మనిషిని నేను. వాటిని కుట్టిన ఏడాది మందం కాగితం రాలేదు. పుస్తకానికి వీపు, అంటే కుట్టు ఉన్న వైపు, గట్టిగా ఉండాలని ఆ ముక్కల్నే మైదా జిగురుతో పొరలు పొరలుగా లోపల అతికించాను.

"ఎక్కడికీ పోలేదే," అన్నాను. "వీపులో ఉన్నాయి."

అది వెంటనే కత్తి అందుకుంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆగు. మీరే తేదీలు రాసుకుని అతికించారని రేపు ఫ్యాక్టరీ లాయరు అంటే?"

"అబ్బా, అమ్మా. ఎవరంటారే అలా?"

"నేనైతే అంటాను. లైబ్రేరియన్ సారుని పిలువు. మూసి ఉన్నప్పుడు ఫోటో తియ్యి, విప్పుతుంటే తియ్యి, ఒక్కో ముక్కా ఊడుతుంటే తియ్యి."

లైబ్రేరియన్ గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీ అమ్మగారు పోలీసుల్లో చేరలేదు గనక సరిపోయింది. చేరుంటే మనమందరం లోపలే," అన్నారు. అన్నారే గానీ, విప్పడం అయ్యేదాకా కదల్లేదు.

నేను కుట్టిన వాటిలో ఆ మూడే మేలైనవి. పదకొండేళ్లలో ఒక్క దారం వదులు కాలేదు. వాటి వీపు మీద నేనే కత్తి పెట్టాను. తడిగుడ్డ వేసి, జిగురు మెత్తబడేదాకా ఆగి, పల్చటి రేకుతో ఒక్కో పొరా లేపాను. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యం చేస్తే సిరా కరుగుతుంది. మొదటి ముక్క చేతికి రాగానే వెలుతురులో పెట్టి చూశాను. నెల, సంవత్సరం, రెండూ ఉన్నాయి.

మరి ఏ ముక్క ఏ కాగితానిది? మాస్టారు తేదీ కింద ఎర్ర సిరాతో గీత కొట్టేవారు. చెయ్యి ఆగక అది కాగితం లోపలికి దూసుకొచ్చేది. ఒకటి ఏటవాలుగా, ఒకటి వంకరగా, ఒకటి మరకతో. అప్పట్లో అంచులు కోశాక మిగిలిన ఆ గీతల తోకలు చూసి, ఇంత చదువుకున్న మనిషికి గీత కొట్టడం రాదేమని విసుక్కున్నాను కూడా. ఇప్పుడు ఆ వంకరలే దారి చూపించాయి. తోక కాగితం మీద, తల ముక్క మీద. రెండూ కలిస్తే అమ్మాయి స్కాన్ చేసేది.

శుక్రవారం మూడింటికి నూట ముప్పై ఒకటి కుదిరాయి. పదమూడు ముక్కలు జిగురులోనే ముద్దయిపోయాయి.

"అటూ ఇటూ నెలలు తెలుసు కదా, మధ్యవి మనమే వేసేద్దామా?" అన్నారు సారు నెమ్మదిగా.

"వద్దు సార్. ఒక్కటి మనం రాస్తే మిగతా నూట ముప్పై ఒకటీ మనమే రాశామంటారు."

ఆ పదమూడింటి దగ్గర 'తేదీ తెలియదు' అని పడింది. పైన ఒక వివరణ ఉండాలన్నాను. అమ్మాయి కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగింది.

"ఏమని రాయను? అంచులు పొరపాటున తెగిపోయాయి అననా?"

"వాటంతట అవి ఎలా తెగుతాయే? బైండరు కోసిందని రాయి. ముక్కలు వీపులో పెట్టిందనీ, మళ్లీ తానే విప్పి గీతలు చూసి కలిపిందనీ రాయి. ఫోటోలు కింద పెట్టు."

"నీ పేరు మీదకి వస్తుందమ్మా."

"వస్తే రానీ. నాకు భయం లేదన్నానా? భయమేసే చెప్తున్నాను."

నాలుగూ నలభైకి పేజీ తెరుచుకుంది. నమ్మకం కుదరక పక్క గదిలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఫోనులో కూడా తెరిపించి చూశాను.

సోమవారం విచారణలో ఫ్యాక్టరీ లాయరు లేచి మొదట అడిగింది అదే. "ఈ తేదీలు తర్వాత అతికించినవి కావా?" అన్నాడు.

విచారణ అధికారి తెర మీద కిందికి జరిపి నా వివరణ పైకి చదివింది. ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. "కోసి మళ్లీ కలిపినట్టు వాళ్లే రాశారు. ముక్కలు ఎక్కడి నుంచి ఊడాయో కూడా చూపించారు," అని, ఫ్యాక్టరీ రాకముందు నెలల కాగితాలు ఒక వైపు, వచ్చాకవి ఒక వైపు పెట్టమంది. ముందువాటిలో నీళ్ల రంగు దగ్గర 'ఏమీ లేదు' అని ఉంది, నెల తర్వాత నెల; వచ్చాకవాటిలో 'ఎరుపు' అని ఉంది. కొత్త నీటి పరీక్షలు అయ్యేదాకా షెడ్డు పని ఆపమని రాసింది.

ఇప్పుడు సారు ఆ కాగితాలు మళ్లీ కుట్టమంటున్నారు. కుట్టనన్నాను. గట్టి అట్టపెట్టె చేసి, అంచులు ఎగుడుదిగుడుగానే ఉంచి, అందులో పెట్టాను. చూసినప్పుడల్లా చెయ్యి దురద పెడుతుంది. అందుకే కత్తి అమ్మాయి సొరుగులో పెట్టి తాళం వేయించాను.