డల్సీ నూనెకి మొదటి రకం

డల్సీ ఈమూ పక్షుల కొవ్వు నుంచి తీసిన నూనెకి పరీక్షశాలవాళ్లు మూడో రకమని ముద్ర వేసి పంపారు. సబ్బుకీ, గుర్రపు జీనుకీ తప్ప ఒంటికి పనికిరాదట. ఆ కాగితం ఆమెకి మింగుడుపడలేదు. కీళ్ల నొప్పికైనా చర్మం పగుళ్లకైనా ఆస్ట్రేలియా ఆదివాసులైన తమ నూంగార్ల ఇళ్లలో తాతల నాటి నుంచీ రాసుకునే నూనె అది.

తమ్ముడు క్లారీ గొర్రెల ఉన్ని కత్తిరించీ కత్తిరించీ భుజం అరగదీసుకున్నవాడు. రోజూ ఆ నూనే రాయించుకుంటాడు, అయినా నోరు ఊరుకోదు.

"అక్కా, ఇది రాసుకుని వెళ్తే షెడ్డులో కుక్కలన్నీ నా వెంటే పడుతున్నాయి."

"వాటికైనా నీ విలువ తెలిసింది, సంతోషించు," అంది గానీ తమ్ముడి మాట ములుకులా గుచ్చుకుంది.

మర్నాడే తొంభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ పరీక్షశాలకి వెళ్లింది. అక్కడ నూనెలు పరీక్షించే బెరిల్ దాచుకోకుండా చెప్పింది: కొవ్వులో మాంసం పీచు మిగిలింది, మంట ఎక్కువై మాడింది, పైగా తేమ ఉంది. తిరిగొస్తూంటే డల్సీకి ఐవీ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కొవ్వుని అసలు నిప్పు మీద పెట్టేదే కాదు. ఈమూ తోలులో చుట్టి కొమ్మకి వేలాడదీస్తే ఎండకే కరిగి కారేది. తనేమో ఇనప డ్రమ్ము కింద మంట ఎగదోసి, తొందరలో నూనె చెడగొట్టుకుంది.

ఈసారి డల్సీ పక్షుల వీపు కొవ్వు మాత్రమే తీసుకుంది. క్లారీని కూర్చోబెట్టి పీచు పీచూ ఏరించింది. వేడినీళ్లలో గిన్నె పెట్టి సన్నని సెగకి కరిగించి, నాలుగుసార్లు గుడ్డలో వడగట్టింది. ఇలాగైతే క్రిస్మస్‌కి ఒక్క సీసా తయారవుతుందని క్లారీ సణిగాడు. ఆమె వినలేదు.

వసంతంలో పశువుల ప్రదర్శన రోజు పరీక్ష ఫలితాలు బోర్డు మీద అంటించారు. పదకొండు ఈమూ ఫారాలు నూనె పంపితే మొదటి రకం ఒక్కదానికే వచ్చింది. డల్సీ తన పేరు మూడుసార్లు చదువుకుంది. క్లారీ మాత్రం ఎదురొచ్చిన ప్రతివాడికీ, "మా అక్కది. పీచు ఏరింది నేనే," అని చెప్పుకుంటూ తిరిగాడు.

పెద్ద యంత్రాలున్న పక్క ఫారం కీత్‌కి రెండో రకమే వచ్చింది. నిరుడు ఆమె డ్రమ్ముని చూసి నవ్వినవాడు ఇప్పుడు టోపీ తీసి, పగుళ్లు తేలిన చేతులు ముందుకి చాపాడు.

"కొంచెం రాయి డల్సీ, చూద్దాం."

ఆమె సీసా మూత తిప్పబోయి ఆగింది.

"ముందు చేతులు కడుక్కుని రా. ఇది మొదటి రకం."