ఎం.టెక్.కి వదిలిన జాగా

నేను ఒక ఇత్తడి పలకని. మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు, నాలుగు మూలలా నాలుగు మరలు. కాకినాడ రామారావుపేటలో ఒక ఇంటి వరండాలో, గుమ్మం పక్కన ఉంటాను. తమ పేర్లు తమకెక్కడ గుర్తుండకుండా పోతాయోనని కాబోలు, మనుషులు మాలాంటివాళ్ళని చేయించి గోడకి కొట్టించుకుంటారు. పేరు మోయడం నాకేం బరువు కాదు. కానీ నా బతుకులో సగానికి పైగా నేను మోసింది పేరు పక్కనున్న ఖాళీని.

నేను పుట్టింది మెయిన్‌రోడ్డులో పేర్లు చెక్కే అప్పలస్వామి కొట్టులో. నన్ను చేయించుకున్న అమ్మాయి పేరు సువర్చల. అప్పుడే మంచినీటి శాఖలో ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో చీర కొనుక్కోకుండా నా కోసం వచ్చిందంటే ఆ పిల్ల ఉత్సాహం ఎంతటిదో ఊహించుకోండి. అప్పలస్వామి పెన్సిలుతో పలక మధ్య గీత పెట్టబోతుంటే ఆపి, "మధ్యలో వద్దండి, ఎడమపక్కకి జరపండి. వచ్చే ఏడాది ఎం.టెక్.లో చేరతాను. దానికి జాగా ఉంచండి" అంది. అతను ఉలి తీసి, 'కె. సువర్చల, బి.టెక్.' అని ఎడమపక్కన చెక్కి, గాడిలో నల్ల లక్క నింపి, కుడిపక్క నున్నగా వదిలేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి వేసిన ఉయ్యాల లాంటిదాన్ని నేను.

వచ్చే ఏడాది రాలేదు. బదిలీ వచ్చింది, పెళ్ళి వచ్చింది, కూతురు వచ్చింది, మళ్ళీ బదిలీ వచ్చింది. నేను ఆవిడతో పాటు అద్దె ఇళ్ళన్నీ తిరిగి, చివరికి ఈ రామారావుపేట ఇంటికి చేరాను. మొదట్లో ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా తోమేది. తర్వాత అక్షరాలున్న మేరకే తోమేది. ఆ తర్వాత అదీ మానేసింది. అత్తగారు పండగలకి గుమ్మానికి పసుపు రాస్తూ, ఖాళీగా ఉంది కదా అని నా కుడిపక్కన ఓ బొట్టు పెట్టేది. జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళు అక్కడే కాగితం అంటించి పోయారు. వాళ్ళని ఏమంటాం, జాగా కనబడితే వాడుకోవడం మనిషి నైజం.

ఇద్దరు మాత్రం ఆ ఖాళీని ఖాళీగానే చూసేవారు. ఒకరు సువర్చల. రెండోవారు ఎదురింటి గున్నేశ్వరరావు మాస్టారు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయినా, కంటపడ్డ అక్షరమల్లా పైకి చదివే అలవాటు పోలేదు. పొద్దున్నే పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తూ నన్ను చదివి, "బి.టెక్. తర్వాత ఇంత జాగా ఉందేంటమ్మా?" అనేవారు. "వచ్చే ఏడాదండి, మాస్టారూ" అనేది సువర్చల. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. అడిగినప్పటికంటే మానేశాకే ఆవిడకి ఎక్కువ సిగ్గేసింది. పాలు పోయించుకోవడానికి పెరటి గుమ్మం వైపు వెళ్ళడం మొదలుపెట్టింది.

నలభై దాటిన సంవత్సరం, ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి లోపలికి వెళ్ళకుండా వరండాలోనే కూలబడింది. భర్త భీమశంకరం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బీమా ఆఫీసులో పని చేస్తాడు. మంచి మనిషి, చేతికి మాత్రం తొందరెక్కువ. ఆయనతో చెబుతుంటే నేనూ విన్నాను. తీరం వెంట ఊళ్ళ బావుల్లోకి ఉప్పునీరు ఎక్కుతోందని మీటింగు పెట్టారట. కొత్తగా చేరిన ఓ అమ్మాయి, నేల కింద ఉప్పునీరు ఎంత దూరం పాకుతుందో లెక్కలు వేసి చూపించి, "మేడమ్, మీరేమంటారు?" అని సువర్చలనే అడిగిందట.

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండి. అయినా సరే, తల ఊపాను. ఊపి సంతకం పెట్టాను. ఆ నీళ్ళు తాగే ఊళ్ళు నా కిందే ఉన్నాయి" అంది.

అది చెబుతూ చెబుతూ నా వైపు చూసింది. నా ఖాళీని చూసుకుని నాకే తల కొట్టేసినట్టయింది.

మర్నాటి నుంచి ఇంట్లో చదువుల వేట మొదలైంది. భీమశంకరం ఒక స్కేలు తెచ్చి నా కుడిపక్కన పెట్టి కొలిచి, "ఎం.బి.ఏ. అయితే సులువుగా పడుతుంది, ఇంకా అంగుళం మిగులుతుంది" అన్నాడు. మనుషులు చెప్పుల్ని కాలు కొలిచి కొంటారు, చదువుని గోడ కొలిచి. ఆవిడ ఆఫీసులో ఒకాయన ఇంకో దారి చెప్పాడు. ఊరి బయట ఒక కాలేజీ ఉందట, పేరు రాయించుకుంటే చాలు, మొహం చూపించక్కర్లేదు, పట్టా ఇంటికే వస్తుంది. ఆ కాలేజీ కాగితాలు రెండు వారాలు వరండా టేబులు మీద పడి ఉన్నాయి. సువర్చల వాటిని చూస్తూ చాలాసార్లు కూర్చుంది. చివరికి తీసి పక్కన పెట్టింది. యూనివర్సిటీలో సాయంత్రాలు జరిగే ఎం.టెక్. ఉంది, నీటి గురించే. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. అదే రాస్తానంది.

చదువు ఎంత రహస్యంగా సాగిందంటే, దొంగతనం నేర్చుకునేవాళ్ళు కూడా అన్ని జాగ్రత్తలు పడరు. కూతురి ఇంటర్ లెక్కల పుస్తకాన్ని వారపత్రిక మధ్యలో పెట్టుకుని వరండాలో కూర్చునేది. గేటు చప్పుడైతే పేజీ తిప్పి వంటల శీర్షిక చూసేది. ఒకప్పుడు నోటికొచ్చిన సూత్రాలు ఇప్పుడు మొహం తిప్పుకుంటుంటే కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఏడుపు ఆపుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడమూ చూశాను.

పరీక్ష రాసి వచ్చిన రోజు గుమ్మంలోనే "బాగానే రాశాను" అంది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. రెండ్రోజులకి ఆవిడ ఊళ్ళ పర్యటనకి వెళ్ళగానే భీమశంకరం నన్ను గోడ నుంచి ఊడదీసి, సంచిలో వేసుకుని, అప్పలస్వామి కొట్టుకి తీసుకుపోయాడు. బాగా రాస్తే సీటొచ్చినట్టే, సీటొస్తే డిగ్రీ వచ్చినట్టే కదా అని ఆయన లెక్క. ఆవిడ వచ్చి చూసి మురిసిపోవాలని ఆశ. నా ఖాళీలో 'ఎం.టెక్.' అక్షరాలు దిగాయి. నిజం చెబుతున్నాను, నేనూ పొంగిపోయాను. ఇన్నాళ్ళకి నిండుగా కనబడుతున్నానని గోడకెక్కి మెరిశాను.

సాయంత్రం సువర్చల వచ్చి నన్ను చూసింది. ఈలోగా గున్నేశ్వరరావు మాస్టారు నన్ను చదవనే చదివారు. "సాధించావమ్మా!" అంటూ వచ్చి, అప్పటికే వీధంతా చెప్పేశానన్నారు. ఆవిడ కాదనలేకపోయింది. మీటింగులో ఊపినట్టే తల ఊపింది.

ఫలితాలు వచ్చాయి. సీటు రాలేదు.

అంతవరకూ నాకు ఖాళీగా ఉన్నందుకు సిగ్గు. నిండాక తెలిసింది, అది సిగ్గే కాదని. ఖాళీ జాగా ఏనాడూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు నేను రోజంతా వీధి మొహాన అబద్ధమాడుతూ నిలబడాలి. పాలవాడు కూడా "మేడంగారూ, స్వీట్లేవండి?" అంటున్నాడు. సువర్చల నా మీద తువ్వాలు ఆరేసి పోయేది. గాలికి అది తొలగిపోయేది.

భీమశంకరం బాధపడ్డాడు, కానీ బాధలోనూ తొందరే. "ఆ ఊరి బయటి కాలేజీలో చేరిపో. రెండేళ్ళు తిరిగేసరికి బోర్డు మీదున్నది నిజమైపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు" అన్నాడు. టేబులు కింద నుంచి ఆ కాగితాలు మళ్ళీ తీశాడు. ఆవిడ కలం కూడా తీసుకుంది. పేరు రాసింది. తర్వాత చాలాసేపు నన్నే చూసింది. నేను ఇత్తడిని కాబట్టి సరిపోయింది, మైనాన్నయితే కరిగిపోయేదాన్ని.

"రేపు ఆ అమ్మాయి మళ్ళీ అడుగుతుందండి, మీరేమంటారని. ఈ పట్టా పట్టుకుని నేనేమనాలి?" అంది. కాగితం మడిచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది.

మాస్టారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఇరుకు వీధి, మాట వినబడుతుంది.

"మాస్టారూ, మా బోర్డు మీదున్నది అబద్ధమండి. నాకు సీటు రాలేదు. పరీక్ష తప్పాను."

ఆయన పేపరు దించి, కళ్ళజోడు తీసి, ఇబ్బందిగా, "నేను వీధంతా చెప్పేశానే అమ్మా. ఇప్పుడు ఎవరికని చెప్పను?" అన్నారు.

"మీరు చెప్పొద్దండి. నేనే చెప్పుకుంటాను."

చెప్పుకుంది కూడా. పాలవాడికి, ఇస్త్రీ ఆవిడకి, ఆఫీసులో ఆ కొత్తమ్మాయికి. ఆ పిల్లతో, "మీటింగునాడు నాకేమీ అర్థం కాలేదు, సంతకం పెట్టిన కాగితం మళ్ళీ తీసి మొదటి నుంచి చెప్పమ్మా" అని అడిగిందట. ఇంటికొచ్చి ఆ సంగతి భర్తకి చెబుతున్నప్పుడు మొహం ఎర్రగా ఉంది గానీ ఒక్క మాటా దాచలేదు.

నన్ను మళ్ళీ కొట్టుకి తీసుకెళ్ళారు. చెక్కిన అక్షరం చెరగదని అప్పలస్వామి చెప్పాడు. అయితే వెనక్కి తిప్పి చెక్కమంది సువర్చల. నా వీపు మీద, నట్టనడుమ, 'కె. సువర్చల' అని మాత్రమే చెక్కించింది. బి.టెక్. కూడా వద్దంది. ఏ పక్కా జాగా ఉంచమనలేదు. నా పాత మొహం గోడకి అతుక్కుపోయింది.

మరుసటేడు మళ్ళీ రాసింది. ఈసారి లెక్కల పుస్తకం వారపత్రికలో దాచలేదు. సీటు వచ్చింది. సాయంత్రాలు బస్సెక్కి వెళ్ళేది, తన కూతురికంటే కాస్త పెద్దవాళ్ళ పక్కన కూర్చునేది, మార్కులు తక్కువొచ్చిన రోజున కూడా వీధి గుమ్మంలోంచే ఇంట్లోకొచ్చేది. మొత్తానికి పాసైంది.

మొన్న ఇంటికి సున్నాలు వేయించారు. నన్ను ఊడదీసినప్పుడు భీమశంకరం నా పాత మొహం చూసి, "ఇదంతా ఇప్పుడు నిజమే కదా! ఇటు తిప్పి పెడతాను" అని మరలు చేతిలోకి తీసుకున్నాడు.

సువర్చల నన్ను ఆయన చేతిలోంచి అందుకుంది. గోడ చెమ్మకి నా అక్షరాలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని చింతపండు నానబెట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఈ మూల నుంచి ఆ మూల దాకా తోమింది. 'ఎం.టెక్.' దగ్గర వేలు కాసేపు ఆగింది. పొడిగుడ్డతో తుడిచి, మెరుస్తున్న ఆ మొహాన్ని మళ్ళీ గోడవైపే పెట్టి, నాలుగు మరలూ తనే బిగించుకుంది.