బెంచీ మీద ఏరు

సోమవారం పొద్దున ఏరు మా పోలీసు స్టేషన్‌కి వచ్చి, ఫిర్యాదుదారుల బెంచీ మీద కూర్చుంటుంది. చెప్పులు గుమ్మం బయట విడవమని చెప్పబోయి, దానికి చెప్పులు లేవని చూసి ఊరుకుంటాను. బెంచీ తడుస్తుంది కానీ నేల తడవదు. అంత మర్యాద తెలిసిన ఏరు అది.

నేను ఇక్కడ హెడ్ కానిస్టేబుల్‌ని. పేరు వరహాలమ్మ. కేసుల్లో పట్టుకొచ్చిన సొత్తంతా దాచే ప్రాపర్టీ గది నా చేతి కింద ఉంటుంది. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో కనుక్కోవడం కూడా నా పనే కాబట్టి ఏరుని కూడా అడుగుతాను.

"నాను సాచ్చిని గదమ్మా," అంటుంది ఏరు. "నా ఇసక ఎక్కడుంటే నానూ అక్కడే ఉండాల."

అది నిజమే. తప్పు మాది. ఏ సొత్తు పట్టుకున్నా పంచనామా మీద ఇద్దరు సాక్షులు వేలిముద్ర వెయ్యాలి. మాకెప్పుడూ ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న సన్యాసయ్య, వాడి బావమరిది సాక్షులు. కోడిపుంజు దగ్గర్నుంచి కొబ్బరి పీచు దాకా, దేనికైనా సరే చేతులు తుడుచుకుంటూ వచ్చేస్తారు. రేవులో దొంగ ఇసుక లారీని పట్టుకున్న రోజున బావమరిది పెళ్లిభోజనానికి పోయాడు. సన్యాసయ్య తప్ప ఒడ్డున నరమానవుడు లేడు. "ఇంకెవరున్నారిక్కడ?" అన్నారు మా ఎస్సై జోగారావు గారు. నేను నాలుగు వైపులా చూసి, "ఏరుంది సార్," అన్నాను. "అయితే దాంతోనే వేయించెయ్యండి," అన్నారాయన. భోజనాల వేళ దాటిపోతే ఆయనకి ఏమీ తోచదు.

ఏరు వేలిముద్ర వేసిన ఆ కాగితం ఇప్పటికీ ఆరలేదు. రోజూ పెరట్లో తీగ మీద ఆరేస్తాను. అందులోంచి చిన్న చిన్న చేపపిల్లలు రాలుతుంటాయి. వాటిని బక్కెట్లోకి ఏరి, బెంచీ దగ్గరకి తీసుకెళ్లి ఏరులో వదిలేస్తాను. ఏరు చీర కుచ్చిళ్లు సర్దుకున్నట్టు సర్దుకుని వాటిని లోపలికి తీసుకుంటుంది.

మా ప్రాపర్టీ గది తలుపు దగ్గర మామూలుగానే ఉంటుంది. కొత్త సొత్తు వచ్చినప్పుడల్లా అవతలి గోడ వెనక్కి జరుగుతుంది. పందెం కోళ్ల దాకా వెళ్లాలంటే సైకిలు కావాలి. సారా కుండల దాకా అయితే క్యారేజీ కట్టుకుని బయల్దేరతాను. ఇసుక లారీ పెట్టిన దగ్గర్నుంచి ఆ గోడ అసలు కనబడటం మానేసింది. అటునుంచి చల్లగాలి కూడా తోలుతోంది. ఆ ఎండల్లో నాకది హాయిగానే ఉంది.

మంగళవారం సూరీడమ్మ వస్తుంది. ఏటి ఇసుకలో గుంతలు తీసి పుచ్చపాదులు పెట్టుకుని బతికే మనిషి. లారీవాళ్లు రాత్రికి రాత్రి ఆమె మడినంతా పారలతో ఎత్తుకుపోయారు. ఆమె తిన్నగా ప్రాపర్టీ గదిలోకి నడిచి, లారీ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కుతుంది. నేనూ ఎక్కుతాను. ఇసుక మీద వరసగా గుంతలు ఉన్నాయి. గుంతకో పుచ్చ మొక్క రెండేసి ఆకులతో నిలబడి ఉంది. పారలతో ఎత్తినా వరస తప్పలేదు.

"ఓలమ్మ, ఇవి నా పాదులే!" అంటుంది సూరీడమ్మ. ఒక్కొక్క ఆకునీ వేలితో తాకి, "ఇది ఎప్పుడూ ఆలీసంగానే లెగుస్తాది. ఇది సూడు, అప్పుడే తీగ సాగాలని సూస్తంది," అని నాకు చూపిస్తుంది. ఆ మురిపెం చూసి నాకూ ముచ్చటేస్తుంది. ఆ రోజు నుంచి ఆమె రోజూ రెండు గిన్నెలు తెస్తుంది. ఒక దాంట్లో అంబలి, అది ఏటికి. రెండో దాంట్లో ఏటి నుంచి ముంచుకున్న నీళ్లు, అవి పాదులకి.

ఏరు వచ్చాక స్టేషన్ మారిపోయిందని చెప్పక తప్పదు. అరుచుకుంటూ వచ్చినవాళ్లు బెంచీ దగ్గరకి రాగానే గొంతు తగ్గిస్తారు. గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములిద్దరు ఏట్లో కాళ్లు పెట్టుకుని కాసేపు కూర్చుంటారు. ఫిర్యాదు ఏదంటే, మరిచిపోయామండీ అని నవ్వి, ఒకే సైకిలు మీద ఇంటికి పోతారు. లాకప్పులో ఉన్న జేబుదొంగ తనంతట తానే సన్యాసయ్య రుమాలు తిరిగి ఇచ్చేస్తాడు. రుమాలు పోయిందని అప్పటిదాకా సన్యాసయ్యకే తెలియదు.

పై వారం గురువారం కోర్టు నుంచి కవరు వస్తుంది. ఇసుక జప్తయిపోయింది, ఇక అది లారీ యజమానిది కాదు, స్టేషన్‌దే. లారీ యజమాని జరిమానా కట్టేసి ఖాళీ లారీ తోలుకుని ఈల వేసుకుంటూ పోతాడు. అలాంటివాళ్లకి ఏదీ మనసుకి పట్టదు. ఇసుక మాత్రం లారీ ఆకారంలోనే గదిలో నిలబడి ఉంటుంది.

కవరులోంచి ఒక బల్లి దిగి, గడియారం పక్కన గోడెక్కుతుంది. ఏది జప్తయినా ఆడిట్ వాళ్లు పంపే బల్లి అది. మనం మాట్లాడుతుంటే బల్లి పలికిందంటే ఆ మాట నిజమని అందరికీ తెలిసిందే. ఈ బల్లి అయితే ఖర్చు న్యాయమైనప్పుడే పలుకుతుంది. దాని లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. జప్తయిన సొత్తు ఏ ఒక్కరి సొంతానికీ పోకూడదు. ప్రభుత్వం ఎలాగూ ఇస్తానన్న వాటికి వాడకూడదు. స్టేషన్‌కి పనికిరావాలి, నేరం తగ్గాలి.

క్రితంసారి పేకాటరాయుళ్ల దగ్గర ఒక మధ్యాహ్నం జప్తయింది. మామిడితోపులో మెత్తగా, కాస్త మగతగా ఉన్న మధ్యాహ్నం. అది తన ఒక్కడి కునుక్కి కావాలని ఎస్సై గారు ఎంతగానో అడిగారు. బల్లి నోరు మెదపలేదు. చివరికి దాన్ని ముక్కలు చేసి చలికాలం రాత్రి గస్తీకి వెళ్లే కానిస్టేబుళ్లకి పంచాం. పడమటి వీధిలో ఇప్పటికీ రాత్రిళ్లు కాస్త మామిడిపూత వాసన వస్తుంది.

"ఈ పొద్దు గుంకేలోపు ఇసుకని దేనికి ఖర్చు పెడతామో తేల్చాలి," అంటారు ఎస్సై గారు ఉత్తరువు చదివి. "లేకపోతే జిల్లా వాళ్ల బండి వచ్చి రోడ్డు కాంక్రీటుకి పట్టుకుపోతుంది."

సూరీడమ్మ చేతిలో గిన్నె ఒరిగిపోతుంది. బెంచీ మీద ఏరు ఒక్కసారిగా ఎండాకాలం ఏరంత సన్నబడిపోతుంది. కాంక్రీటులో కలిసిన పాదుని ఏ బల్లీ వెనక్కి తేలేదు.

జోగారావు గారు చెడ్డవారు కాదు. టోపీ బల్ల మీద పెట్టి, తల గోక్కుని, గోడ వైపు తిరుగుతారు. "మేడ మీద ఒక గది వేద్దాం. ఫిర్యాదుకి వచ్చే ఆడవాళ్లు ఎండలో నిలబడుతున్నారు."

బల్లి పలకదు.

"ఆ గది ఎప్పుడో మంజూరయింది సార్," అని గుర్తుచేస్తాను. "కాగితం మీద కిటికీలు కూడా పెట్టేశారు. ఆ కాగితం గదికి కరెంటు బిల్లు కూడా వస్తోంది."

"పోనీ, జీపు నిలబెట్టడానికి అరుగు?"

బల్లి పలకదు. ఆ అరుగూ మంజూరైనదే.

ఎస్సై గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా పెరట్లో తులసికోట చుట్టూ చిన్న గట్టు ఒకటి..." అంటారు.

బల్లి తోక వదిలేస్తుంది. తోక టప్పున ఆయన ముందు పడి, బల్ల మీద గిలగిల కొట్టుకుంటుంది. ఎస్సై గారు నాలుక కరుచుకుని, దాని మీద టోపీ బోర్లిస్తారు. టోపీ కాసేపు తనంతట తానే కదులుతుంది. ఎవరమూ అటు చూడం.

"బాబూ, నా ఇసక నాకిచ్చీండి," అంటుంది సూరీడమ్మ. "నాకు మరేటి వొద్దు. పాదులు తీగ సాగే టయానికి రేవులో ఉండాల. ఈ ఏడు పంట పోనాదంటే నాను ఏటి తిని బతకాల?"

అందరం గోడకేసి చూస్తాం. బల్లి కళ్లార్పుతుంది, అంతే. జప్తయిన సొత్తుని ఒక మనిషి చేతిలో పెట్టడానికి ఆ లెక్క ఒప్పుకోదు. ఆ మనిషి సూరీడమ్మ అయినా సరే. నాకు బల్లి మీద మా చెడ్డ కోపం వస్తుంది. చీపురు కోసం కూడా చూస్తాను. కానీ చీపురు జప్తు సొత్తులో ఉంది.

బయట జిల్లా బండి హారను కొడుతుంది. ఎండ కిటికీ దిగి బెంచీ కాళ్ల దాకా వస్తుంది. ఏరు ఇప్పుడు నా మోచెయ్యి అంత సన్నంగా ఉంది. దాన్ని చూస్తుంటే, అది పోతే ఈ స్టేషన్‌లో మళ్లీ అరుపులే మిగులుతాయని నాకు దిగులేస్తుంది. ఆ దిగులులోంచే దారి కనిపిస్తుంది.

"సార్," అంటాను. "ప్రభుత్వం మనకి ఎప్పుడైనా ఏరు మంజూరు చేసిందా?"

"ఏరా? లేదు."

"ఇస్తానని చెప్పిందా?"

"ఎందుకిస్తుంది వరహాలమ్మ గారూ? బూట్లకే దిక్కు లేదు."

నేను గోడ దగ్గరకి వెళ్లి, బల్లికి వినబడేట్టు చెబుతాను. "ఏరు వచ్చిన దగ్గర్నుంచి మాకు ఒక్క కొట్లాట కేసు లేదు. ఈ స్టేషన్‌కి ఏరు అవసరం. పరుపు లేనిదే ఏరు ఎక్కడా నిలవదు. ఏటి పరుపంటే ఇసుక. కాబట్టి జప్తయిన ఇసుకంతా ఏటి కింద పరిచేస్తాం."

బల్లి పలుకుతుంది. టిక్ టిక్ మని, గడియారం కూడా ఆగి విన్నంత స్పష్టంగా పలుకుతుంది.

"గాలికి ఇసుక ఎగిరిపోతుంది కదా," అంటారు ఎస్సై గారు. ఆయనకీ హుషారొచ్చేసింది. "దాన్ని పట్టి ఉంచడానికి ఏవైనా తీగలుండాలి. తీగల్ని చూసుకోవడానికి తెలిసిన మనిషి ఉండాలి. ఇసుక స్టేషన్‌దే. కాయలు మాత్రం నీళ్లు పోసినవాళ్లవే."

బల్లి మళ్లీ పలుకుతుంది. దాని కొత్త తోక మొలవడం కూడా మొదలవుతుంది.

"అంటే ఏటండి?" అని నన్ను అడుగుతుంది సూరీడమ్మ, నమ్మీ నమ్మనట్టు.

"ఇసుక నీకివ్వటం లేదు," అంటాను. "నిన్నే ఇసుకకి ఇచ్చేస్తున్నాం."

సూరీడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఏడుస్తోందనుకుంటాను. చూస్తే నవ్వుతోంది. నాకు అప్పుడు ఏడుపొస్తుంది.

అందరం కలిసి ఇసుకని చల్లగాలి వచ్చే వైపుకి తోస్తాం. తట్టలూ పారలూ ఏమీ అక్కర్లేదు. మంచాన్ని జరిపినట్టు ఒకపక్క పట్టుకుని తోస్తే, పాదులతో సహా ప్రాపర్టీ గది లోపలికి జరుగుతూ పోతుంది. కోళ్లు తప్పుకుని దారిస్తాయి. సారా కుండలు దాటాక గది కాస్త పల్లంగా ఉంటుంది. గాలి జోరవుతుంది. నడిచీ నడిచీ ఎక్కడికొచ్చామా అని చూస్తే రేవులో ఉన్నాం. లారీవాళ్లు తవ్విన పెద్ద గొయ్యి మా ముందే ఉంది. ఇసుక అందులోకి, పిల్ల తల్లి ఒళ్లోకి ఎక్కినట్టు ఎక్కి పడుకుంటుంది. గోడ ఎటు పోయిందో నాకు అప్పుడు తెలుస్తుంది. ఏటి అవతలి ఒడ్డున, సున్నం కొట్టిన గోడ బుద్ధిగా నిలబడి ఉంది.

ఏరు బెంచీ మీద నుంచి లేచి, గదిలోంచి నడుచుకుంటూ వచ్చి తన చోట్లో పడుకుంటుంది. స్టేషన్ దాటి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు కాబట్టి సాక్షిగా దాని హాజరుకి లోటు లేదు. ఎవరైనా అరుచుకుంటూ వస్తే, పిలవగానే కాసేపు బెంచీ దాకా వచ్చి వెళుతుంది. జిల్లా బండివాడు ఖాళీగా పోలేక, లాకప్పులో ఉన్న ఉక్కపోతని నింపుకుని పోతాడు.

పాదులు తీగ సాగుతాయి, పూత పూస్తాయి. కాయలు ముదురుతాయి. సూరీడమ్మ వాటిని సంతకి వేస్తుంది, కొత్త చీర కట్టుకుని వచ్చి మాకు చూపించి పోతుంది. ఒక రోజున, అన్నిటికంటే పెద్ద కాయని తెచ్చి నా బల్ల మీద పెడుతుంది.

"నాను తీసుకోకూడదు సూరీడమ్మా," అంటాను. ఆమెతో మాట్లాడీ మాట్లాడీ నాకూ ఆ యాసే వచ్చేసింది.

"నీకు గాదమ్మా, అందరికీని," అంటుంది.

బల్లి పలుకుతుంది. పండిందో లేదో చూద్దామని కాయని వేలితో కొడతాను. లోపలి నుంచి ఎవరో తిరిగి కొడతారు.

పద్ధతి ప్రకారం సన్యాసయ్యని, ఏరుని సాక్షులుగా పిలుస్తాను. బావమరిది అలిగి గుమ్మంలోనే నిలబడతాడు. కత్తి పెట్టగానే కాయ రెండుగా విచ్చుకుంటుంది. అందులోంచి ఎర్రటి చిన్న ఏరొకటి బల్ల దిగి, నేల తడపకుండా నడిచి వెళ్లి, పెద్ద ఏటి పక్కన బెంచీ మీద కూర్చుంటుంది. దాని కాళ్లు ఇంకా నేలకి అందటం లేదు. ఊపుకుంటూ కూర్చుంటుంది.

"దాహమేస్తంది," అంటుంది నాకేసి చూసి.

కుండలోంచి గ్లాసుడు మంచినీళ్లు ముంచి ఇస్తాను. రెండు చేతులతో పట్టుకుని, ఆగకుండా గటగటా తాగి, గ్లాసు నాకు నిండుగా తిరిగి ఇస్తుంది.