ఉతకని తువ్వాలు

రూమ్ బయట తాడు మీద తువ్వాలు ఆరుతోంది.

నీలం గళ్లది. ఎన్నిసార్లు ఉతికినా పోని సిమెంటు మరకలు. ఎండకు అట్టలా బిగిసింది.

పోచన్నది ఎడారి దేశంలో, ఖురియాత్ సైట్లో మేస్త్రీ పని. రెండేళ్ల కింద పరంజా మీంచి పడ్డాడు. బతికాడు. ఊళ్లో భార్య సత్తవ్వ మొక్కుకుంది — ఇద్దరం కలిసి కేదారం నడిచొస్తామని.

మొక్కేమో ఇద్దరిది. పాస్‌పోర్టేమో కంపెనీ దగ్గర.

ఈ దసరా తర్వాత ఊరి నుంచి యాత్ర బస్సు పోతోంది. భర్త పక్కన లేకపోతే, అతను వాడిన బట్టను కొంగుకు ముడేసుకుని నడవాలి. వాళ్లింట అదే ఆనవాయితీ. తువ్వాలు పంపమని సత్తవ్వ ఉత్తరం రాయించింది.

పోచన్న తన తువ్వాలు చూసుకున్నాడు. సిగ్గేసింది. దేవుడి దగ్గరికి ఈ మరకలా...

మబేలా బజారుకు వెళ్లి తెల్లటి కొత్తది కొన్నాడు. సెలవు మీద ఊరికి పోతున్న జితేందర్‌కిచ్చి పంపాడు. మంచి పని చేశాననుకున్నాడు, పిచ్చి మనిషి.

జితేందర్ తిరిగొస్తూ క్యాసెట్ తెచ్చాడు. టేపులో సత్తవ్వ గొంతు.

"కొత్త తువ్వాల పంపినవ్. దాంట్ల నీ చెమట లేదు. నువ్వు లేని బట్టను కొంగుకెట్ల ముడేసుకోను?"

దసరా అయినంక రెండో శుక్రవారం నడక మొదలని కూడా చెప్పింది. ఇంకా నాలుగు రోజులే. ఊరికి పోయేవాళ్లెవరూ లేరు. పోచన్నకు తన మీద తనకే కోపమొచ్చింది.

శుక్రవారం తెల్లారగానే, అక్కడ సత్తవ్వ నడక మొదలుపెట్టే వేళకు, పాత తువ్వాలు మెడలో వేసుకుని ఎండిన వాగు, వాదీలోకి దిగాడు. రూమ్‌లో ఉండే మొయినుద్దీన్, వాళ్ల జిల్లావాడే, నీళ్ల డబ్బా పట్టుకుని వెంట వచ్చాడు. ఎంత దూరమని అడిగాడు. అక్కడ కేదారానికి పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కాలట, అన్నాడు పోచన్న.

"ఏడు పోదాం, ఏడొద్దాం. పద్నాలుగైతయ్."

దేవుడితో బేరం మొయినుద్దీనే కుదిర్చాడు.

రాళ్లు. రెండు వైపులా బోడి కొండలు. అక్కడ లోయంతా మందాకిని నది మోగుతుందట. ఇక్కడ ఎండిన ఏట్లో చెప్పుల కింద గులకరాళ్లు మోగుతున్నాయి.

నడుము లాగింది. నడిచాడు.

చివర నీటి మడుగు. మునిగాడు. అలవాటుగా తువ్వాలు ముంచబోయి — ఆగాడు. దారి పొడుగునా కారిన చెమటంతా అందులోనే ఉంది.

తడి ఒంటినే ఎండకు ఆరబెట్టుకున్నాడు.

రూమ్‌కొచ్చాక తువ్వాలు ఉతక్కుండానే మడిచి సూట్‌కేసు అడుగున పెట్టాడు.

అక్కడ సత్తవ్వ కొత్త తువ్వాలే ముడేసుకుందో, ఒంటరిగానే ఎక్కిందో...

రూమ్ బయట తాడు మీద అందరి తువ్వాళ్లూ ఆరుతున్నాయి. మధ్యలో ఒక్క చోటు ఖాళీగా ఉంది.