ఇద్దరి చేతికీ సరిపోయేది

ఎస్టిల్ తుపాకుల దుకాణంలోకి మేమిద్దరం కలిసే వెళ్ళాం. వాడు మాత్రం నా మొహం చూసే మాట్లాడాడు. తుపాకి ముఖ్యంగా నా భార్య కోసమని చెప్పాను. అయినా నన్నే చూశాడు.

"అక్కకా? అయితే ఇదే" అంటూ అద్దాల బల్లలోంచి గులాబీరంగు పిడి ఉన్న చిన్న రివాల్వర్ తీశాడు. "పిట్టంత బరువు. చేతిసంచిలో పడేసుకోవచ్చు. ఆడవాళ్ళందరూ దీన్నే పట్టుకుపోతున్నారు, ఆర్లిస్ అన్నా."

డెల్ఫియా దాన్ని ముట్టుకోలేదు.

"ఎస్టిల్, బడిలో అన్నం దగ్గర నీ ముక్కు తుడిచింది ఎవరు?"

"నువ్వే, డెల్ఫియక్కా."

"అయితే నాతో మాట్లాడు. ఒకటే తుపాకి కావాలి. అది నాకూ పేలాలి, ఆయనకూ పేలాలి."

"చెరొకటి తీసుకోరాదూ?"

"రెండుంటే రెండోది ఎక్కడుందో మాకంటే ముందు దొంగకి తెలుస్తుంది."

దొంగ అన్న మాట ఆమె నోట విన్నది అదే మొదటిసారి. అంతవరకూ "పోయాయి" అనేది. మాత్రలు పోయాయి, అంతే.

మూడు వారాల కిందట, జబ్బు ముదిరిన ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చేసరికి వెనక తలుపు తెరిచి ఉంది. టీవీ ఉంది. రంపం ఉంది. గోడకి నా వేట తుపాకి ఉంది. దాన్ని ఎత్తుకుపోయి అమ్మబోతే అది ఎవరిదో మా లోయలో ప్రతివాడికీ తెలుసు. వంటింట్లో మొక్కజొన్నపిండి డబ్బా మాత్రం మూత తీసి ఉంది. డెల్ఫియా నొప్పి మాత్రలు దాంట్లో దాచేది. ఒక్కటి మిగల్లేదు. పిండి కూడా ఒలకలేదు. అంత నేర్పుగా ఆ డబ్బాలో చెయ్యి పెట్టగలవాడు ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్నవాడే.

ఆమె చెల్లెలు లోరీన్ కొడుకు డస్టిన్ ఆరో ఏట నుంచి మా బల్ల దగ్గరే తిన్నాడు. లోరీన్‌కి కొలువు, మొగుడికి తాగుడు, వాడికి మా వంటిల్లు. మాకు పిల్లలు లేరు. ఆమె వాడికి బూట్లు కొంది. పళ్ళు బాగుచేయించింది. ఇప్పుడు వాడికి ఇరవై ఏడు. మా కౌంటీలో సగంమంది కుర్రాళ్ళలాగే నొప్పి మాత్రల మత్తు మరిగాడు, వాడి కంటిపాపలు సూదిమొనలంత అయిపోయాయి.

నేను పేరు చెప్పబోయాను. "నా ఇంట్లో ఆ మాట అనకు" అంది. ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఇంటికొచ్చి మందులిచ్చే నర్సు సూటిగా చెప్పింది. ఇంకొక్కసారి పోతే ఇంటికి మందులివ్వరు. పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం చూసుకోవాలి. లేదా ఎవరైనా పగలంతా కనిపెట్టుకుని ఉండే ఇంట్లో ఉండాలి. నేను పగలు బడి బస్సు తోలతాను. బొగ్గుగని పింఛను ఒక్కటే అయితే కరెంటుకే చాలదు.

"అక్కని మా ఇంటికి పంపు, బావా" అంది లోరీన్.

ఆ ఇంట్లోనే డస్టిన్ ఉంటాడు. నేను డెల్ఫియా వైపు చూశాను.

"నేనెక్కడికీ రాను" అంది. "ఈ ఇంటి దూలాలు మోసినప్పుడు నా వయసు పంతొమ్మిది. నా చావు నా మంచం మీదే. గోడకున్న ఆ పొడుగాటి తుపాకి నేనెత్తి పట్టలేను. దానికి తుపాకి కావాలంటే తుపాకే కొనుక్కుంటాను."

ఆ విధంగా ఎస్టిల్ కొట్టుకి వచ్చాం.

దుకాణం వెనక మట్టిగట్టు ఉంది. అక్కడ గులాబీ రివాల్వర్ పేల్చమని ఇచ్చాడు. డెల్ఫియా ఒక్కసారి పేల్చింది. అది గుర్రంలా పైకి లేచింది. బొటనవేలి మొదట్లో చర్మం చిట్లి రక్తం వచ్చింది. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"పిట్ట అన్నావు. ఇది కంచరగాడిద."

"తేలికది కదక్కా, కాస్త తంతుంది."

"మరి ఆడవాళ్ళకెందుకు అంటగడుతున్నావురా? నీ పెళ్ళాం పేల్చిందా దీన్ని?"

ఎస్టిల్ ఆమె చేతికి గుడ్డముక్క అందించాడు. నేనూ దాన్ని పట్టుకుని చూశాను. గని కప్పు కూలినప్పుడు నా కుడిచేతి చివరి రెండు వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. ఆ చిన్న పిడి నా మిగిలిన వేళ్ళలో సబ్బుముక్కలా జారింది.

తరవాత నల్లటి పిస్తోలు ఇచ్చాడు. నాకు నచ్చింది. పద్నాలుగు తూటాలు పడతాయి. కాని అది పేలాలంటే ముందు పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగి వదలాలి. డెల్ఫియా రెండు చేతులతో లాగింది. పొట్టకానించి లాగింది. మెడ నరాలు తేలాయి. అది వేలెడు కూడా కదల్లేదు. ఇరవై ఏడేళ్ళు బడి వంటశాలలో గంగాళాలు ఎత్తిన చేతులవి. కీళ్ళు వాచి అల్లం కొమ్ముల్లా అయ్యాయి. జబ్బు మిగిలింది తినేసింది.

"అన్న పొద్దున్నే లాగిపెట్టి వెళతాడు" అన్నాడు ఎస్టిల్.

"నేను లాగిపెడతాలే" అన్నాను నేను కూడా. ఆ పిస్తోలు మీద మనసు పడిందని ఆమెకి తెలిసిపోయింది.

"మధ్యలో తూటా ఇరుక్కుంటే? నలభైమంది పిల్లల్ని రోడ్డు మీద దింపేసి వస్తావా? ఏమయ్యా, ఇల్లు కాపాడ్డానికొచ్చావా, బొమ్మ కొనుక్కోడానికొచ్చావా?" అంది. తరవాత నా చెయ్యి, తన చెయ్యి పక్కపక్కన బల్ల మీద పెట్టి చూసింది. ముందు ఆమే నవ్వింది. "మనిద్దరికీ కలిపి ఒక్క మంచి చెయ్యి లేదు, ఆర్లిస్."

మూలనున్న చెక్కపెట్టె ఆమె కంట పడింది. పాత సరుకు. అందులోంచి పెద్ద ఇనప రివాల్వర్ ఒకటి తీసింది. పూత పోయింది. పిడి అరిగింది.

"అది చెత్తక్కా. పోలీసులు నలభై ఏళ్ళు మోసి పారేసింది. రాయంత బరువు."

"బరువుంటే ఎగరదు. ఇనప పెనం ఎగురుతుందా?" అని ట్రిగ్గర్ నొక్కి చూసింది. తూటాల చక్రం నూనెలో తిరిగినట్టు తిరిగింది. నలభై ఏళ్ళ వేళ్ళు దాన్ని సానబెట్టాయి. కొత్తవాటికి ఆ మెత్తదనం రాదు. "ఇది పని చేసిన చెయ్యి" అంది.

తక్కువ మందు కూరిన తూటాలు పెట్టించింది. పేల్చింది. అది కాస్త తలెత్తి దిగింది, అంతే. ఆరింట్లో అయిదు గట్టు మీది డబ్బా మూతకి తగిలాయి. నాకు నాలుగు తగిలాయి. ఎస్టిల్ ఇంకా ఒప్పుకోలేదు. గురి కుదరడం వేరు, చెయ్యి నిలవడం వేరు అన్నాడు. ఖాళీ చేసి, చక్రం తెరిచి మా ఇద్దరికీ చూపించి, జేబులోంచి పది సెంట్ల బిళ్ల తీసి గొట్టం చివర పెట్టాడు.

"నొక్కు. బిళ్ల పడకూడదు."

మా వైపు తండ్రులందరూ కొడుకులకి నేర్పేదే అది. కూతుళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఆమె గోడ వైపు చాపి, ఊపిరి బిగబట్టి నొక్కింది. టక్. బిళ్ల కదల్లేదు. బడిపిల్లల్లా లెక్కపెడుతూ పదిసార్లు నొక్కింది. ప్రతిసారీ బిళ్ల అక్కడే ఉంది. నేను మూడోసారికి పడేశాను.

"పడింది!" అని అరిచి చప్పట్లు కొట్టింది. ఆ ఏడాదిలో ఆమె అంత గట్టిగా అరిచింది అదొక్కసారే.

ఇంటికొచ్చాక పాత సైకిలు ట్యూబు కోసి, ఆ పిడికి తనే చుట్టింది. రెండు చుట్లు చుట్టి నాకిచ్చింది. వదులన్నాను. మూడో చుట్టు వేసింది. ఆమెకి లావనిపించింది. సగం విప్పింది. రెండున్నర చుట్ల దగ్గర ఇద్దరికీ కుదిరింది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో మేం దేని మీదా అంత తేలిగ్గా ఒప్పందానికి రాలేదు.

నవంబరులో ఒక మంగళవారం. నేను పిల్లల్ని దింపి నాలుగింటికి ఇంటికొచ్చేసరికి ఆమె ముందుగదిలో కుర్చీలో ఉంది. ఒళ్ళో బొంత. బొంత మీద రివాల్వర్. బల్ల మీద లోరీన్ చేసే ఎండు ఆపిల్ కేకు, కోయకుండా ఉంది.

"డస్టిన్ వచ్చాడు" అంది. నేను పేరు చెప్పకూడదన్న ఇంట్లో తనే చెప్పింది.

జరిగింది ఇది. వాడు పన్నెండింటికి కేకు పట్టుకుని వచ్చాడు. "అమ్మ పంపింది, పెద్దమ్మా" అని బల్ల మీద పెట్టాడు. మంచినీళ్ళు తాగుతానని వంటింట్లోకి వెళ్ళాడు. డబ్బా మూత చప్పుడైంది.

"అక్కడ లేవురా" అంది. "నా కిందున్నాయి. ఇటు రా."

వాడు వచ్చి చూశాడు. బొంత మీద తుపాకి చూసి నవ్వాడు.

"పెద్దమ్మా, ఆ చేతులతో నువ్వు చిక్కుడుకాయే తుంచలేవు. ఇచ్చెయ్యి. సగం తీసుకుంటాను. నీకెందుకన్ని, ఎలాగూ..."

ఎలాగూ ఏమిటో వాడు పూర్తి చెయ్యలేదు. ఆమె రెండు బొటనవేళ్ళూ కలిపి, రివాల్వర్ వెనకనున్న కొక్కేన్ని పేల్చడానికి సిద్ధంగా లాగింది. ఆ చప్పుడు తెలియనివాడు మా లోయలో లేడు.

"కూర్చో."

కూర్చున్నాడు.

"ఫోను తీసి మీ అమ్మకి చెయ్యి. ఆ డబ్బాలోవి ఎవరు తీశారో నీ నోటితో నువ్వు చెప్పు."

వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాడు. అవతల లోరీన్ విని ఒకే మాట అంది: "మీ పెద్దమ్మ నీ తల మీద తుపాకి పెట్టి అనిపిస్తోందా?" తరవాత ఫోను పెట్టేసింది.

"తల మీద పెట్టలేదు" అంది డెల్ఫియా నాతో. "మోకాళ్ళ వైపు పెట్టాను. కొక్కెం దింపి వాడిని పంపించేశాను. బూట్ల తాళ్ళు కట్టుకోకుండా వచ్చాడు, చూశావా? చిన్నప్పుడూ అంతే." ఆ కేకు కుక్కకి వెయ్యమంది. వేశాను.

మూడు వారాలకి ఆమె తన మంచం మీదే పోయింది. చివరి రోజు వరకూ మాత్ర తప్పలేదు. నొప్పికి కేక పెట్టలేదు. తను కొనుక్కున్నది అదే. దక్కించుకుంది.

పాతిపెట్టిన నాలుగో రోజు లోరీన్ వచ్చింది. పాస్టర్ హోబర్ట్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. రేకు డబ్బాలో మళ్ళీ ఆ కేకే.

మా వైపు ఇదొక పద్ధతి. పెళ్ళాం పోయిన మగవాడి ఇంటికి నలుగురూ వచ్చి తుపాకులు "కొన్నాళ్ళు దాస్తాం" అని పట్టుకుపోతారు. దుఃఖంలో వాడు తనని తాను కాల్చుకోకుండా. మంచికే. నేనూ రెండుసార్లు వెళ్ళి తెచ్చాను.

"ఆర్లిస్, ఒంటరివాడివి" అన్నాడు పాస్టర్. "ఆ రివాల్వర్ నా దగ్గరుండనీ."

"వేట తుపాకి గోడకుంది, అయ్యగారూ. దాన్ని అడగరేం?"

ఆయన లోరీన్ వైపు చూశాడు.

"ఆ రివాల్వర్ అంటే నాకు భయం, బావా" అంది. "మా వాడు నిద్దట్లో ఉలిక్కిపడుతున్నాడు. అక్క మంచిదే. ఆ మందులకి మతి చెడింది. నువ్వు ఆదివారం చర్చిలో ఒక్కమాట లేచి చెప్పు, మతిలో లేక చేసిందని. జనం మా వాడిని దొంగని చూసినట్టు చూస్తున్నారు. ఒక్కమాట చెబితే అందరం మళ్ళీ ఒకటవుతాం. పోయినవాళ్ళకి పోయేదేముంది?"

అసలు సంగతి బయటపడింది. వాళ్ళకి కావలసింది తుపాకి కాదు. దాన్ని పట్టుకున్న చెయ్యి పిచ్చిదని నా నోటితో అనిపించాలి.

నేను లేచి రివాల్వర్ తెచ్చాను. లోరీన్ కుర్చీ వెనక్కి జరిపింది. చక్రం తెరిచి ఆరు తూటాలూ బల్ల మీద నిలబెట్టాను. ఖాళీ చక్రం పాస్టర్‌కి చూపించి ఆయన చేతికిచ్చాను.

"గోడ వైపు పట్టుకోండి, అయ్యగారూ." గొట్టం చివర పది సెంట్ల బిళ్ల పెట్టాను. "నొక్కండి. బిళ్ల పడకూడదు."

"ఇదేమిటి, ఆర్లిస్?"

"మీరు ఆ మందులు వాడరు. మతి చెడలేదు. నొక్కండి."

ఆయన జింకల వేటగాడు. వెనక్కి తగ్గడానికి సిగ్గుపడి నొక్కాడు. బిళ్ల నేల మీద పడి లోరీన్ కాళ్ళ దాకా దొర్లింది.

"డెల్ఫియా పదిసార్లు నొక్కింది, పడలేదు. కొన్న రోజున ఎస్టిల్ చూశాడు, అడగండి. డస్టిన్ వచ్చిన సాయంత్రం నా ముందు మళ్ళీ పదిసార్లు నొక్కింది. చెయ్యి వణుకుతోందేమో చూసుకుంటానంది. వణకలేదు. మతి పోయినవాళ్ళ చెయ్యి అలా ఉంటుందా? ఆదివారం నన్ను లేవమంటే లేస్తాను. ఇదే చెబుతాను."

"నీకు దయ లేదు, బావా."

"దయంతా మీ అక్క దగ్గరుండేది. వాడి బూట్లకీ పళ్ళకీ ఖర్చైపోయింది."

పాస్టర్ రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు బాగానే ఉంటావా?" అని మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్న నిజంగా అడిగాడు. అందుకని నిజమే చెప్పాను.

"బాగుండను. కాని ఉంటాను. రేపు ఆరున్నరకి నలభైమంది పిల్లలు రోడ్డు మీద నిలబడతారు."

లోరీన్ కారు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కేకు డబ్బా మరిచిపోయింది. లోపలికి రావడానికి మనసొప్పలేదు.

"డబ్బా కోసం డస్టిన్‌ని పంపిస్తాను" అంది.

"పంపు" అన్నాను. "నాలుగు దాటాక రమ్మను. నేనింట్లో ఉంటాను. వాడు చెప్పుకోవలసినదేదైనా ఉంటే వాడి నోటితోనే చెప్పమను."

కేకు కుక్కకి వేశాను. డబ్బా కడిగి బల్ల మీద బోర్లించాను. నేల మీది బిళ్ల తీసి గొట్టం మీద పెట్టి నొక్కాను. ఒకటి. రెండు. మూడోసారికి పడింది. పైకే అన్నాను, "పడింది" అని. ఆరు తూటాలూ తిరిగి చక్రంలో పెట్టాను.

డబ్బా ఇప్పటికీ బల్ల మీదే ఉంది. ఎవరూ రాలేదు.